దొంగ బైటు

నూట పద్దెనిమిదో నంబరు డబ్బా మూత తీయగానే తెలిసిపోయింది, అందులో ఉన్నవి నా పళ్ళే.

పై వరసలో ఎడమవైపు ముందు పన్ను మూల కొంచెం విరిగి ఉంది. నాలుగో తరగతిలో బడి కుళాయికి నోరు పెట్టి నీళ్ళు తాగుతుంటే వెనకనుంచి ఎవరో తోశారు, అప్పుడు విరిగిన మూల అది. పదిహేనేళ్ళుగా రోజూ నాలుకతో తడుముకుంటున్నదాన్ని ప్లాస్టర్‌లో చూస్తే మాత్రం గుర్తుపట్టనా? పై దవడా కింది దవడా తెల్లగా ఎండిపోయి, అరచేతిలో పట్టేంత చిన్నగా, పాత పేపరు ముక్కలో చుట్టి ఉన్నాయి. వాటితోపాటు నేను కరిచిన ఎర్ర మైనం పలక, సర్జన్ గారి చీటీ: ఆడ పేషెంటు, ఇరవైనాలుగేళ్ళు. పై దవడ ముందు భాగం కోసి నాలుగు మిల్లీమీటర్లు వెనక్కి జరిపి చూపించాలి, శుక్రవారానికి కావాలి.

మాది పళ్ళ ల్యాబు. డాక్టర్లు పంపిన అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, ఆ మోడల్ మీద కట్టుడు పళ్ళూ క్యాపులూ చేస్తాం. దవడ ఆపరేషన్లున్నప్పుడు రేపు థియేటర్లో కోయబోయే ఎముకని ముందు ప్లాస్టర్‌లో కోసి, జరిపి, మైనంతో అతికించి పంపుతాం. రెండేళ్ళుగా ఆ పని నా టేబుల్‌దే. ఇప్పటిదాకా పదకొండు దవడలు కోశాను, ఒక్కసారి కూడా చెయ్యి వణకలేదు.

మా దగ్గర డబ్బాల మీద పేర్లుండవు, నంబర్లే. ఇంకో కట్టుబాటు కూడా ఉంది, అది ల్యాబు పెట్టినప్పటినుంచీ ఇక్కడ పనిచేస్తున్న, మేమంతా బాబాయ్ అని పిలిచే పెద్దాయన పెట్టింది. ఎవరి నోరు వాళ్ళు చెక్కుకోకూడదు, ఇంట్లోవాళ్ళ నోరూ చెక్కకూడదు. చేతికి జాలొస్తుంది, జాలొస్తే అర మిల్లీమీటరు పోతుంది అంటాడు.

ఆ డబ్బాని పక్క టేబుల్‌కి ఇచ్చేయాలి. ఇవ్వలేదు. వచ్చే నెల తొమ్మిదో తారీఖున ఈ దవడని నా ముఖంలోనే కోస్తారు. తారీఖు ఖాయం చేసింది అత్తయ్య, తలూపింది అమ్మ, రాసుకున్నది సర్జన్ గారు. సరేనని నేనింకా ఎవరికీ అనలేదు. అనేముందు ఒక్కసారి నా చేత్తో కోసి చూసుకుందామనిపించింది, అంతే.

అత్తయ్య అంటే నాన్న అక్క. ఆవిడకి ఫొటో స్టూడియో ఉంది, తాతయ్య పెట్టిందే. మా వీధిలో ఎవరి గుర్తింపు కార్డు చూసినా అందులో భయపడ్డ ముఖం అత్తయ్య తీసిందే. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ కెమెరా వెనకనుంచి ఒకటే పాట: "కింది దవడ కాస్త ముందుకి తొయ్. ఆఁ... ఇప్పుడు పెదాలు కలుపు. ముక్కుతో గాలి పీల్చు. కదలకు!" నా పళ్ళు ఎత్తుపళ్ళు, అమ్మ పోలిక. మామూలుగా ఉంటే పెదాలు కలవవు. దవడ ముందుకి తోస్తే కలుస్తాయి. అప్పుడు నా ముఖం కూడా అందరి ముఖంలాగే ఉంటుంది.

ఆపరేషన్ మాట ఎలా వచ్చిందంటే, ఏడాదిగా చెవి ముందు నొప్పి. ఆవలిస్తే టక్కుమంటుంది, పొద్దున్నే లేస్తే దవడలో ఇసుక పోసినట్టుంటుంది. డాక్టరుకి చూపించుకుందామంటే అత్తయ్య ఎగిరి గంతేసింది. "వెళ్తున్నాం కదా, పనిలో పని ఆ ఎత్తు కూడా తీయించేద్దాం!" అక్కడినుంచి నొప్పి సంగతి ఎవరికీ గుర్తులేదు, ఎత్తు సంగతే.

సరే, మోడల్స్‌ని కీలు స్టాండుకి బిగించాను. మైనం పలక పెట్టి కింది దవడని పైదాని మీదికి మూశాను. రంపం తీశాను. పెన్సిల్‌తో గీత కూడా గీశాను. అప్పుడు వచ్చాడు బాబాయ్, చేతులకి ప్లాస్టర్ తుడుచుకుంటూ.

"ఏంటే అమ్మాయ్, దాన్నంత ముద్దుగా పట్టుకున్నావ్? కరుస్తుందా?"

"పని చేసుకోనీ బాబాయ్."

ఆయన వంగి చూశాడు. "అబ్బో! ఏం పళ్ళే ఇవి! వానొస్తే ఈ మనిషి గడ్డం తడవదు!"

పక్క టేబుళ్ళవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. నాకు అలవాటే, చిన్నప్పుడు క్లాసులో నాకు కొబ్బరికోరు అని పేరు. నేను వీధి మొదట్లో ఉంటే నా పళ్ళు ఇంటికి చేరి తలుపు కొడతాయని మా అన్నయ్య వరసవాళ్ళు అనేవాళ్ళు.

బాబాయ్ మాత్రం నవ్వు మధ్యలో ఆపేశాడు. కళ్ళజోడు నుదుటి మీదినుంచి కిందికి లాక్కున్నాడు.

"ఆగాగు. రంపం కింద పెట్టు. ఈ కోరపన్ను చూశావా, కొన అరిగిపోయింది."

"అయితే?"

"పన్ను గాలికి అరుగుతుందా? ఇంకో పన్ను రాసుకుంటేనే అరుగుతుంది. మరి నువ్వు మూసిన ప్రకారం దీనికి ఎదురుగా ఏముంది?"

చూశాను. ఏమీ లేదు, ఖాళీ. కింది కోరపన్ను ఎక్కడో ముందుకెళ్ళి కూర్చుంది.

బాబాయ్ మైనం పలక తీసి పక్కన పడేశాడు. కింది మోడల్‌ని స్టాండు నుంచి విప్పి, రెండు వేళ్ళతో పట్టుకుని, పైదాని మీద మెల్లగా వెనక్కి, ఇంకా వెనక్కి జరిపాడు. టక్. తాళంలో చెవి పడ్డట్టు కూర్చుంది. అరిగిన చోట్లన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ముందు మాత్రం పై పళ్ళకీ కింది పళ్ళకీ మధ్య నా చిటికెనవేలు పట్టేంత సందు.

"కొలువు" అన్నాడు. కొలిచాను. తొమ్మిది మిల్లీమీటర్లు. చీటీలో నాలుగు.

"దొంగ బైటు!" అన్నాడు బాబాయ్, పిల్లిని పట్టుకున్నట్టు. "డాక్టర్ కరవమనగానే ఈ పిల్ల కింది దవడ ముందుకి తోసి కరిచింది. చుట్టాలొస్తే మంచి దుప్పటి పరుస్తాం చూడు, అలా. వాళ్ళేమో దాన్ని నమ్మి పై దవడ కోయమన్నారు. పైదానికి ఏం రోగం, శుభ్రంగా ఉంది. కిందిది చిన్నది, వెనకుంది. తప్పొకడిది, శిక్ష ఇంకొకడికి! ఎవరోగానీ పాపం, పొద్దున లేచిన దగ్గర్నుంచీ దవడ చేత్తో పట్టుకున్నట్టే బతుకుతోంది. చెవి దగ్గర నొప్పుంటుంది, కావాలంటే అడుగు."

"ఉంది బాబాయ్."

"నీకెలా తెలుసు?"

"అవి నావే."

బాబాయ్ ముఖం చూడాలి అప్పుడు. ఒకసారి మోడల్ వంక, ఒకసారి నా మూతి వంక. రెండేళ్ళుగా పక్క టేబుల్ దగ్గర కూర్చుని రోజుకి యాభై నోళ్ళు చూసే మనిషి, నా నోరు దొంగదని పట్టుకోలేదు.

"ఆ వాన మాట..." అన్నాడు మెల్లగా.

"వద్దులే, బాగుంది. దాచుకుంటాను."

"దాచుకో. కానీ సొంత నోరు కోయబోయావు కదా, దానికి మాత్రం తిట్లున్నాయి, తర్వాత తిడతాను. ముందు ఇటు రా. నాలుక కొస అంగిలికి ఆనించి, ఎంత వెనక్కి వెళ్తే అంత వెనక్కి మడువు. మింగు. ఇప్పుడు పళ్ళు కలుపు."

మింగాను. కలిపాను. దవడ జారింది. నిజంగా జారింది, సబ్బు మీద కాలు పడ్డట్టు, నేనెప్పుడూ వెళ్ళని చోటికి వెళ్ళి ఆగింది. చేతులు కడుక్కునే చోట అద్దంలో చూసుకున్నాను. పెదాలు విడిపోయాయి. పళ్ళు బయటికొచ్చాయి. గడ్డం లోపలికెళ్ళింది. నేను అందరికీ కనపడకుండా ఇన్నేళ్ళూ తలుపు వెనక నిలబెట్టిన అమ్మాయి ముందు గదిలోకొచ్చి నిలబడింది. సిగ్గేసింది, చచ్చేంత సిగ్గేసింది. వెంటనే దవడ ముందుకి తోసేసుకున్నాను, చెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకున్నంత మామూలుగా. తోయగానే చెవి ముందు సుయ్యిమని లాగింది. మళ్ళీ వదిలాను. లాగడం ఆగిపోయింది.

అంటే ఏడాదినుంచీ నొప్పి పెట్టేది పళ్ళు కావు, వాటిని దాచే పని అన్నమాట. నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం మోడల్స్ డబ్బాలో పెట్టుకుని, అపాయింట్‌మెంట్ లేకుండా సర్జన్ గారి దగ్గరికి వెళ్ళాను. పేషెంట్‌గా వెళ్ళానో ల్యాబు మనిషిగా వెళ్ళానో నాకే తెలియదు.

"నూట పద్దెనిమిది కోయలేదు డాక్టర్ గారూ. బైటు తప్పు."

ఆయన కంప్యూటర్ మీదినుంచి తల ఎత్తలేదు. "ల్యాబువాళ్ళు చీటీలో ఉన్నది చేస్తే చాలమ్మా. కొలతలు మాకు వదిలెయ్యండి."

"కోసేది నా ముఖం కదండీ."

అప్పుడు ఎత్తాడు. గుర్తుపట్టాడు. "ఆ మైనం నేనే స్వయంగా పెట్టాను. ఎక్స్‌రే కూడా అలాగే ఉంది."

"మీరు సరిగ్గానే పెట్టారు. నేనే మోసం చేశాను. ఎక్స్‌రే మెషీన్‌ని కూడా."

డబ్బా తెరిచి టేబుల్ మీద, ఆయన టీ కప్పు పక్కన, రెండు దవడలూ పెట్టి వెనక్కి జరిపి చూపించాను. టక్. అరిగిన చోట్లు చూపించాను. చేతులు వణకలేదు, వాటికి ఇది పన్నెండో దవడ. ఆయన వాటిని చేతిలోకి తీసుకుని, తనే ఒకసారి జరిపి చూసుకున్నాడు. తర్వాత నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, బాబాయ్ చెప్పినట్టే నాలుక మడవమన్నాడు, మింగమన్నాడు. ఒకసారి కాదు, ఆరుసార్లు. ఆరుసార్లూ తొమ్మిదే.

"నీకెదురుగా కూర్చుని కూడా పట్టుకోలేకపోయానంటే, ఎన్నేళ్ళు సాధన చేశావమ్మా!" అన్నాడు.

మంచి మనిషే. బుకాయించలేదు. గ్లవ్స్ తీసేసి కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పాడు. సరిచేయాలంటే జరపాల్సింది కింది దవడ, ముందుకి. ముందు ఏడాదో ఏడాదిన్నరో పళ్ళకి తీగలు, తర్వాత రెండువైపులా ఎముక కోసి జరిపి ప్లేట్లు, స్క్రూలు, వారాల తరబడి నమిలే తిండి లేదు. కింది పెదవి కొన్నాళ్ళు మొద్దుబారుతుంది, కొందరికి ఆ మొద్దు పూర్తిగా పోదు.

"మరి తొమ్మిదో తారీఖు?" అన్నాను.

"దాపరికం లేకుండా చెప్తాను. పళ్ళ ఎత్తు తగ్గడమే కావాలంటే పాత పద్ధతిలో పై దవడే వెనక్కి తోసేయొచ్చు. రెండు పళ్ళు పీకాలి. ఫొటోలో బాగుంటుంది, చూసేవాళ్ళకీ బాగుంటుంది. కింది దవడ మాత్రం అక్కడే, వెనకే ఉంటుంది. పెదాలు కలవాలంటే నువ్వు కొంచెం తోసుకుంటూ ఉండాల్సిందే."

"అసలేం చేయించుకోకపోతే?"

"ప్రాణానికేం కాదు. ముందు పళ్ళతో కొరకలేవు, అది నీకు తెలిసిందే. దవడని వదిలేసి ఒక ఆరు నెలలు చూస్తే నొప్పి తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు. నేను మాటివ్వలేను." గడియారం చూశాడు. "తొమ్మిదో తారీఖు ఉంచనా, తీసేయనా? ఐదులోపు ఫోన్ చెయ్యి, వెనక ఇంకొకళ్ళు ఎదురుచూస్తున్నారు."

అక్కడే వద్దని చెప్పేయొచ్చు కదా, చెప్పలేకపోయాను. ఎందుకంటే "చూసేవాళ్ళకీ బాగుంటుంది" అన్నాడు చూడండి, ఆ మాట లోపల దిగబడింది. ఇరవైనాలుగేళ్ళలో నన్ను చూసినవాళ్ళకి బాగున్న రోజు ఒక్కటి లేదు. మూడు వారాల్లో దొరుకుతుందంటే ఆశ ఉండదా? నడుచుకుంటూ వచ్చాను, దవడని ఒక వీధి వదిలి, ఒక వీధి తోసి. వదిలినప్పుడల్లా ఎదురొచ్చే ప్రతి మనిషీ నా నోటివైపే చూస్తున్నట్టనిపించింది. సగం మంది నిజంగానే చూశారు.

స్టూడియోకి వెళ్ళేసరికి నాలుగున్నర. అమ్మ కౌంటర్ దగ్గర కూర్చుని కత్తెరతో పాస్‌పోర్ట్ ఫొటోలు కత్తిరిస్తోంది, మధ్యాహ్నాలు అమ్మ అక్కడే ఉంటుంది. అత్తయ్య దీపాల గొడుగు మడుస్తోంది. జరిగిందంతా ఊపిరి తీసుకోకుండా చెప్పాను.

అత్తయ్య పూర్తిగా విని, తేల్చేసింది. "ఏ దవడయితే ఏంటే? ఏదో ఒకటి కోసి లోపలికి తొయ్యమను!"

"అత్తయ్యా, అది సొరుగు కాదు, తోసెయ్యడానికి."

"వేళాకోళం చాలు. తొమ్మిదో తారీఖు కోసం ఆ రిసెప్షన్ పిల్లని ఎంత బతిమాలానో తెలుసా? ఇదిగో చూడు" అంటూ వీధివైపు అద్దాల షోకేసు చూపించింది. "మన ఇంట్లో పిల్లలందరి ఫొటోలూ ఉన్నాయి అందులో. నీదొక్కటి లేదు. పెట్టాలని లేకనా? నాలుగుసార్లు పెట్టాను. పెట్టిన ప్రతిసారీ దారినపోయే ఏ వెధవో ఒకడు ఆగి నవ్వేవాడు. తీసేశాను. నా మేనకోడల్ని చూసి ఒకడు నవ్వితే నేను ఈ కౌంటర్లో కూర్చోగలనా?"

ఆ సంగతి నాకు తెలియదు. నాలుగుసార్లు పెట్టిందని తెలియదు. కోపం సగం నీరుగారిపోయింది, కానీ మిగతా సగం ఉంది కదా.

"వాడు నవ్వాడని నా ఫొటో తీసేశావు. ఇప్పుడు వాడి కోసమే నా ఎముక తీయమంటున్నావు. వాడిని పొమ్మనొచ్చు కదా అత్తయ్యా, ఒక్కసారైనా?"

"ఎంతమందిని పొమ్మంటావే!"

అమ్మ కత్తెర ఆపకుండానే అంది, "పోనీలే తల్లీ, అంత గొడవెందుకు. నోరు మూసుకుని ఉంటే ఏం పోతుంది? నేను ఉండలేదూ ఇన్నేళ్ళు? ఈ ఇంటికి వచ్చిన రోజే మీ తాతయ్య ఫొటో తీస్తూ చెప్పారు, అప్పటినుంచీ ఉన్నాను. నాకేమైనా అయిందా?"

అమ్మ వైపు చూశాను. రోజుకి యాభై నోళ్ళు చూసేదాన్ని, ఇంట్లో ఉన్న నోరు మొదటిసారి చూశాను. గడ్డం కింద కండ బిగుసుకుని ఉంది. పెదాలు కలిసే ఉన్నాయి, పిడికిలి మూసినట్టు. కత్తెర పట్టని చెయ్యి చెవి ముందు నొక్కుకుంటోంది.

"ఏం కాకపోతే ఆ చెయ్యి అక్కడెందుకుందమ్మా?"

"అది... చెవిపోటు. నాకెప్పుడూ ఉండేదే."

"ఎప్పటినుంచి?"

అమ్మ కత్తెర కింద పెట్టింది. లెక్క వేసుకుంటోందని తెలుస్తూనే ఉంది. అత్తయ్య గొడుగు సగం మడిచి అలాగే నిలబడిపోయింది. ఫొటోలు తీసే కళ్ళు కదా, నేను చూసింది ఆవిడా చూసింది. చూసి, ఒక్కసారిగా అరిచింది:

"నేను చెప్పింది ఫొటో తీసే అర నిమిషానికే! ఇరవైనాలుగు గంటలూ పట్టుకోమన్నానా? అమ్మా కూతుళ్ళిద్దరికీ బుద్ధుండక్కర్లా?"

"అర నిమిషం అయిపోయిందని మాకెవరూ చెప్పలేదు అత్తయ్యా."

అత్తయ్య చేతిలోంచి గొడుగు జారింది. అది నేల మీద పడి పటపటలాడింది, ఎవరూ పట్టించుకోలేదు.

ఐదుకి ఎనిమిది నిమిషాలుంది. ఫోన్ తీశాను.

"ఒసేయ్, ఆగు, ఆలోచించు" అంది అత్తయ్య, ఈసారి గొంతులో బతిమాలడం ఉంది. "మళ్ళీ తారీఖు దొరకదే."

"దొరక్కపోతే దొరకదు. రేపు తీగలు కట్టించుకుంటానేమో, కింది దవడ కోయించుకుంటానేమో, అసలేదీ చేయించుకోకుండా ఇలాగే ముసలిదాన్ని అవుతానేమో. ఏదైనా సరే, నొప్పి నాది కాబట్టి తారీఖు కూడా నాదే. ముందు ఆరు నెలలు దీన్ని దాని చోట కూర్చోనిస్తాను. ఇన్నేళ్ళు నిలబెట్టాను, పాపం."

దవడ వదిలేశాను. స్టూడియో దీపాల కింద, అద్దాల తలుపు ముందు, దారినపోయేవాళ్ళందరికీ కనపడేలా. కాలేజీ కుర్రాళ్ళిద్దరు లోపలికి చూసుకుంటూ పోతున్నారు, ఒకడు నవ్వాడు కూడా. నేను వాడినే చూస్తూ ఫోన్ చెవికి పెట్టుకున్నాను. వాడే చూపు తిప్పుకున్నాడు.

అవతల రిసెప్షన్ అమ్మాయి ఎత్తింది. తొమ్మిదో తారీఖు ఆపరేషన్ తీసేయమన్నాను. దవడ వెనకుంటే నాకు ప, బ, మ సరిగ్గా పలకవు, పెదాలకి బదులు పళ్ళు తగులుతాయి, గాలి పోతుంది. రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.

"ఆ తారీఖు ఖాయం చేసుకెళ్ళింది ఒక పెద్దావిడండీ. తీసేయమంటోంది ఎవరు?"

"పేషెంట్‌ని."

"సరిగ్గా వినపడట్లేదండీ. ఎవరు?"

ఒక్క అంగుళంలో పావు వంతు ముందుకి తోస్తే చాలు, మాట గంట కొట్టినట్టు వస్తుంది. అలవాటైన కండ అప్పుడే బిగుసుకుంది, నన్నడక్కుండానే. అమ్మ నా గడ్డం వైపే చూస్తోంది. కండని వదిలేశాను. గాలి పోతే పోనీ అని, పళ్ళన్నీ బయటపెట్టి, స్టూడియో అద్దాలు అదిరేలా అరిచాను.

"పేషెంట్‌నే మాట్లాడుతున్నానండీ! రాసుకోండి!"